జీటీకేలో ఎక్స్11కు కాలం చెల్లింది: పోయేది ఏమిటి, మిగిలేది ఏమిటి

2025 మార్చిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో రెండు విడుదలలు జరిగాయి. మొదటిది జీటీకే 4.18. లినక్స్ డెస్క్‌టాప్ మీద కనిపించే విండోలు, బటన్లు, మెనూలు చాలావరకు ఈ టూల్‌కిట్ గీసేవే. ఆ విడుదలలో ఎక్స్11 అనే పాత ప్రదర్శన వ్యవస్థకు ఇస్తున్న మద్దతును కాలం చెల్లినవాటి జాబితాలో చేర్చారు. రెండోది గింప్ 3.0, ఫొటోలు దిద్దుకునేందుకు ఎందరో వాడే సాఫ్ట్‌వేర్. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ విడుదలతో గింప్ ఎట్టకేలకు జీటీకే మూడో తరానికి చేరింది. ఆ మూడో తరం వచ్చింది 2011 ఫిబ్రవరిలో.

జీటీకే అన్న పేరుకు అసలు విస్తరణ 'గింప్ టూల్‌కిట్'. ఏ అప్లికేషన్ కోసం ఆ టూల్‌కిట్ పుట్టిందో, ఆ అప్లికేషనే దాన్ని అందుకోవడానికి పద్నాలుగేళ్లు పట్టింది. అందుకునేసరికి టూల్‌కిట్ ఇంకో తరం ముందుకు వెళ్లిపోయింది.

ఎక్స్11 నిర్ణయం బయటకు రాగానే పాత కంప్యూటర్లన్నీ మూలన పడతాయనీ, పాత అప్లికేషన్లు తెరుచుకోవనీ, ఒక వర్గం తన ఇష్టాన్ని అందరి మీద రుద్దుతోందనీ మాటలు మొదలయ్యాయి. వీటిలో కొన్ని పూర్తిగా అపోహలు. కొన్నింటి వెనక మాత్రం నిజమైన బాధ ఉంది. నా దృష్టిలో అసలు చిక్కు ఎక్స్11లో లేదు. టూల్‌కిట్ రాసేవారి కాలమానం ఒకటి, దాని మీద అప్లికేషన్లు కట్టుకున్నవారి కాలమానం మరొకటి. గింప్‌కు పట్టిన పద్నాలుగేళ్లు ఆ తేడాకు కొలత.

టూల్‌కిట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఇల్లు కట్టించేవారు ద్వారబంధాలు, కిటికీ రెక్కలు తామే చెక్కుకోరు. అప్లికేషన్ రాసేవారు కూడా బటన్, జాబితా, వచనం రాసే పెట్టె, ఫైలు ఎంచుకునే విండో లాంటివి తామే గీయరు. టూల్‌కిట్ నుంచి తెచ్చుకుంటారు. చూడటానికి చిన్న పని. కానీ ఆ పెట్టెలో ఒక తెలుగు మాట టైపు చేసి చూడండి.

'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ లోపల అవి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అన్నిటికన్నా చివర టైపు చేసిన గుడిదీర్ఘం వెనక్కి వెళ్లి మొదటి అక్షరమైన 'స' తల మీద కూర్చోవాలి. త, ర రెండూ వత్తులుగా మారి తమ చోట్లలో సర్దుకోవాలి. కర్సర్ ఒక అడుగు వెనక్కి వేస్తే ఎక్కడ ఆగాలి? చెరిపే మీట ఒకసారి నొక్కితే అక్షరమంతా పోవాలా, గుడిదీర్ఘం ఒక్కటే పోవాలా? ఇవన్నీ తేల్చాల్సింది టూల్‌కిట్, దాని అడుగున ఉండే లైబ్రరీలు. జీటీకేలో ఈ పని చేసేది పాంగో. గ్రీకులో 'పాన్' అంటే సమస్తం, జపనీస్‌లో 'గో' అంటే భాష. ఆ రెండూ కలిపి పెట్టిన పేరు. 2002లో వచ్చిన జీటీకే 2.0తో అది ఈ టూల్‌కిట్‌లో భాగమైంది, దానితోపాటే ప్రపంచ లిపులన్నిటికీ ద్వారం తెరుచుకుంది. పాంగో అడుగున హార్ఫ్‌బజ్ ఉంటుంది. పారశీకంలో 'హర్ఫ్' అంటే అక్షరం, హైదరాబాదులో ఉర్దూ విన్నవారికి తెలిసిన మాటే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ కూడా అక్షరాల కూర్పుకు ఇదే హార్ఫ్‌బజ్ మీద ఆధారపడతాయి. ఈ పనిలో చిన్న పొరపాటు ఎంత దూరం వెళ్లగలదో 2018 ఫిబ్రవరిలో చూశాం. 'జ్ఞా'కు సంబంధించిన ఒక సంకేతాల వరుస కనబడితే చాలు, ఐఫోన్లలో అప్లికేషన్లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అది ఆపిల్ సొంత సాఫ్ట్‌వేర్ లోపం, జీటీకేది కాదు. తెలుగు రాసే ప్రతివారి చేతి కిందా ఇలాంటి పొర ఒకటి ఉంటుందనీ, అది చెదిరితేనే మన కంటపడుతుందనీ చెప్పడానికి ఆ ఉదాహరణ తెచ్చాను.

ఈ టూల్‌కిట్‌కు యజమాని ఎవరు? సమాధానం దాని పుట్టుకలోనే ఉంది. స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గింప్ రాశారు. తొలి కూర్పులు మోటిఫ్ అనే టూల్‌కిట్ మీద నడిచేవి. దానికి లైసెన్స్ కొనుక్కోవాలి. ఆ బంధం తెంచుకోవడానికి వారు సొంతంగా ఒకటి రాసుకున్నారు. అదే జీటీకే. 1997లో మిగెల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా గ్నోమ్ డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టినప్పుడు దాన్నే ఎంచుకున్నారు. అప్పటికే కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ తయారవుతోంది కానీ, అది ఆధారపడిన క్యూటీ టూల్‌కిట్ లైసెన్స్ అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. అంటే జీటీకే రెండుసార్లు లైసెన్స్ గొడవల నుంచే బలం పుంజుకుంది. అందువల్ల దాన్ని ఎవరూ కొనలేరు, ఎవరూ అమ్మలేరు. క్యూటీ నార్వేలోని ట్రోల్‌టెక్ నుంచి నోకియాకు, అక్కడి నుంచి డిజియాకు చేతులు మారింది. జీటీకేకు ఆ అవస్థ రాలేదు.

దీనికి మరో ముఖం ఉంది. కొనుక్కున్నవారు లేరు కాబట్టి ఒప్పందం చూపించి అడిగేవారూ లేరు. పని చేసేవారిదే నిర్ణయం. జీటీకే ప్రధాన నిర్వాహకుల్లో మథియాస్ క్లాసెన్ వంటి కొందరికి చాలా ఏళ్లుగా జీతం ఇస్తున్నది లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్. మిగతా వారిలో చాలామంది గ్నోమ్ డెస్క్‌టాప్‌తో పెనవేసుకున్నవారే. చేతులు తక్కువ, చేయాల్సింది ఎక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే ఎక్స్11 నిర్ణయం అహంకారంలా కనిపిస్తుంది.

ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో మొదలైంది. పదకొండో కూర్పు 1987లో వచ్చింది. అదే ఎక్స్11. తెర మీద ఎవరు ఎక్కడ గీయాలి, మౌస్ కదలిక ఏ విండోకు చెందాలి అన్నది చూసుకునే మధ్యవర్తి అది. అప్పటి అవసరాలు వేరు. ఒకే తెరను పంచుకునే అప్లికేషన్లన్నీ పరస్పరం నమ్మకస్తులే అన్న ఊహ మీద దాన్ని కట్టారు. అందువల్ల ఎక్స్11లో ఒక అప్లికేషన్ మరో అప్లికేషన్‌లో మీరు నొక్కే మీటలను గమనించగలదు, తెరను చూడగలదు. బ్యాంకు సంకేతపదం టైపు చేస్తుంటే పక్కన తెరిచి ఉన్న ఆట వినగలగడం ఈరోజు ఎవరూ ఒప్పుకోని సంగతి. ఎక్స్11 స్థానంలోకి తేవడానికి 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేల్యాండ్‌లో ఏ అప్లికేషన్ గది దానిది. పక్క గదిలోకి తొంగిచూడాలంటే అనుమతి కావాలి.

జీటీకే ఈ రెండిటితోనూ మాట్లాడగలదు. విండోస్‌తో, మాక్‌తో కూడా మాట్లాడగలదు. ఒక్కో వ్యవస్థతో మాట్లాడే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. 4.18లో కాలం చెల్లినవని ప్రకటించింది ఈ బ్యాకెండ్లలో రెండింటిని: ఎక్స్11, బ్రాడ్‌వే. అప్లికేషన్‌ను బ్రౌజర్‌లో చూపించేది బ్రాడ్‌వే. అది వాడేవారు కొద్దిమందే కాబట్టి దాని గురించి గొడవ జరగలేదు. అదే విడుదలలో ఆండ్రాయిడ్ కోసం ప్రయోగాత్మకంగా కొత్త బ్యాకెండ్ చేరిన సంగతి మాత్రం ఈ సందడిలో చాలామంది దృష్టికి రాలేదు.

కాలం చెల్లినది అంటే తీసేసినది అని కాదు. ఇక్కడే ఎక్కువమంది తికమక పడ్డారు. జీటీకే నాలుగో తరం బతికి ఉన్నంతకాలం ఎక్స్11 బ్యాకెండ్ అందులోనే ఉంటుంది. తీసేసేది ఐదో తరంలో, దానికి ఇంకా తేదీ లేదు. మూడో తరం తీరు మారలేదు. ఎక్స్ఎఫ్‌సీఈ, మాటే, సిన్నమన్ వంటి డెస్క్‌టాప్‌లు నిలబడింది ఆ మూడో తరం మీదే కాబట్టి, వాటిని వాడేవారికి ఈ ప్రకటన వల్ల ఏమీ మారలేదు.

మరి అంత కంగారు ఎందుకు వచ్చింది? దాదాపు ఒకే కాలంలో వేర్వేరు అంతస్తుల్లో వేర్వేరు నిర్ణయాలు జరిగి, అన్నీ ఒకే వార్తలా వినిపించాయి. టూల్‌కిట్ అంతస్తులో జరిగింది పైన చెప్పుకున్నాం. డెస్క్‌టాప్ అంతస్తులో, 2025 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 49 తన ఎక్స్11 సెషన్‌ను, అంటే డెస్క్‌టాప్ మొత్తాన్ని ఎక్స్11 మీద నడిపే ఏర్పాటును, అప్రమేయంగా (డీఫాల్టుగా) ఆపేసింది. కేడీఈ వారు కూడా తమ డెస్క్‌టాప్ ప్లాస్మా 6.8 నుంచి వేల్యాండ్ సెషన్ ఒక్కటే ఉంటుందని ఆ నవంబరులో ప్రకటించారు. వాటి మీద నడిచే పాత అప్లికేషన్ల సంగతి వేరు. వేల్యాండ్ సెషన్‌లో ఎక్స్‌వేల్యాండ్ అనే వారధి ఉంటుంది. ఎక్స్11 తప్ప మరొకటి తెలియని పాత అప్లికేషన్ దాని మీదుగా యథావిధిగా తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్ల కిందటి జీటీకే 2 అప్లికేషన్ కూడా అంతే. సెషన్ పోవడం వేరు, అప్లికేషన్ పోవడం వేరు.

నిర్వాహకుల వైపు నుంచి చూస్తే, రెండు వ్యవస్థలను మోయడం అంటే ప్రతి కొత్త పనినీ రెండుసార్లు ఆలోచించడం. తెర సాంద్రత పెరిగిన ల్యాప్‌టాప్‌లలో అక్షరాలను ఒకటింబావు, ఒకటిన్నర వంతుల్లో పెంచి స్పష్టంగా చూపడం, వీడియోను నేరుగా గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించి బ్యాటరీ ఆదా చేయడం వంటివి 2024లో జీటీకే 4.14తో వేల్యాండ్ మీద సాధ్యమయ్యాయి. 4.16లో వేల్యాండ్ మీద గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే కొత్త పద్ధతి అయిన వల్కన్‌కు అప్పగించారు. ఎక్స్11లో వీటిలో కొన్నింటికి చోటే లేదు. ఎవరూ రోజూ పరీక్షించని కోడ్‌ను పనిచేస్తున్నట్టు చూపిస్తూ ఉంచడం కన్నా, ఇక దీన్ని పట్టించుకునేవారు లేరని ముందుగా చెప్పడమే నిజాయితీ. వేల్యాండ్ మొదలైన పదిహేడేళ్లకు, తీసేయడానికి ఇంకా ఏళ్లు ఉండగా ఇచ్చిన ఈ నోటీసు సమంజసమైనదనే నేను నమ్ముతాను.

నాకు నమ్మకం చాలనిది మరో చోట. ఎక్స్11లో దొంగచూపులకు వీలిచ్చిన ఆ తెరిచిన తలుపునే చూపులేనివారి పరికరాలూ వాడుకున్నాయి. తెర మీది వచనాన్ని చదివి వినిపించే ఓర్కా, ఏ విండోలో ఉన్నా మీటలను అందుకోగలగాలి. వేల్యాండ్ ఆ తలుపు మూసింది, సరే. ఓర్కాకు అధికారికంగా వేరే ద్వారం ఎప్పుడు పెట్టారు? గ్నోమ్‌లో ఆ ఏర్పాటు సరిగ్గా కుదిరింది 2025 మార్చిలో వచ్చిన 48వ కూర్పులో. చాలా లినక్స్ పంపిణీలు (డెస్క్‌టాప్, అప్లికేషన్లతో కలిపి అందించే లినక్స్ కూర్పులు) వేల్యాండ్‌ను అప్రమేయం చేసిన ఎన్నో ఏళ్ల తర్వాత. చూపున్నవారికి కొత్త తెర ముందు దక్కింది, లేనివారు ఆగాల్సి వచ్చింది. ఇది సాంకేతిక అనివార్యత అని నేను ఒప్పుకోలేను. పనుల వరుస ఎవరు నిర్ణయిస్తున్నారన్న దానికి ఇది గుర్తు.

ఇక అప్లికేషన్ రాసేవారి కష్టం. జీటీకే రెండో తరం నుంచి మూడో తరానికి మారినప్పుడు మొదటి ఏళ్లలో ప్రతి చిన్న విడుదలకూ థీమ్‌లు (రంగులు, రూపురేఖల అమరికలు) విరిగిపోయేవి. 3.20 దాకా అదే తంతు. విసిగినవారు వెళ్లిపోయారు. నెట్‌వర్క్ నిపుణులు వాడే వైర్‌షార్క్ 2015లో వచ్చిన 2.0తో క్యూటీకి మారింది. తేలికపాటి డెస్క్‌టాప్ ఎల్ఎక్స్‌డీఈ నుంచి క్యూటీ మీద ఎల్ఎక్స్‌క్యూటీ పుట్టింది. లైనస్ టోర్వాల్డ్స్ డైవింగ్ లెక్కల కోసం మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ కూడా అదే దారి పట్టింది. 2016లో టొరంటోలో కలుసుకున్న జీటీకే రచయితలు, రెండేళ్లకొక కొత్త తరం తెస్తామని ఒక ప్రణాళిక చెప్పినప్పుడు వచ్చిన నిరసన అంతా ఇంతా కాదు. ఆ ప్రణాళికను సవరించుకున్నారు. మూడో తరం స్థిరపడింది, నాలుగో తరం 2020 డిసెంబరు దాకా రాలేదు. అంటే ఈ సమూహానికి వినే చెవి లేదన్నది నిజం కాదు. గట్టిగా చెప్పినప్పుడు విన్నది.

నాలుగో తరంలో మార్పులు ఇంకా లోతుగా వెళ్లాయి. 2023లో వచ్చిన 4.10 ఒక్కటే ట్రీవ్యూ, డైలాగ్, కాంబోబాక్స్ వంటి పాత విడ్జెట్లను, అంటే తెర మీది బటన్లు, జాబితాల వంటి భాగాలను, కాలం చెల్లినవాటిలో వేసింది. పేర్లు వింటే చిన్న సంగతిలా ఉంటుంది. ట్రీవ్యూ అంటే వరుసలు, నిలువు గళ్లతో ఉండే జాబితా. లెక్కల పుస్తకం, పాటల సంచిక, ఫైళ్ల పట్టిక, ఏ అప్లికేషన్ చూసినా దాని గుండెకాయ అదే. కొత్త జాబితా విడ్జెట్లు లక్ష వరుసలున్నా తడబడవు, రాసే పద్ధతి కూడా శుభ్రంగా ఉంటుంది. అయినా పాతదాన్ని కొత్తదానిలోకి మార్చేందుకు తేలిక సూత్రమేదీ లేదు. కూర్చుని తిరగరాయాలి. జీతం ఇచ్చే సంస్థ ఉంటే అది ఒక నెల పని. సాయంత్రాలు మాత్రమే దొరికే ఒంటరి రచయితకు అది ఒక ఏడాది, ఆ ఏడాదంతా వాడుకరికి కొత్తగా చూపించడానికి ఏమీ ఉండదు.

థీమ్‌ల గొడవ దీని పక్కనే నడిచింది. గ్నోమ్ అప్లికేషన్ల రూపురేఖలను జీటీకే నుంచి విడదీసి వేరే లైబ్రరీలో పెట్టారు. 2021 ఆఖరి రోజున దాని 1.0 కూర్పు వచ్చింది. పేరు లిబ్‌అద్వైత. అవును, మన అద్వైతమే. రెండోది లేనిది. గ్నోమ్ అప్రమేయ థీమ్‌కు ఆ సంస్కృత పదాన్ని పెట్టుకున్నారు, లైబ్రరీకి అదే వచ్చింది. ఉద్దేశం మంచిదే: టూల్‌కిట్ ఎవరి పక్షమూ వహించకుండా ఉండాలి, గ్నోమ్ తన రుచిని తన లైబ్రరీలో పెట్టుకోవాలి. ఫలితం మాత్రం పేరుకు తగినట్టే వచ్చింది. లిబ్‌అద్వైతతో రాసిన అప్లికేషన్ వేరే డెస్క్‌టాప్ థీమ్‌ను పట్టించుకోదు, ఎక్కడ తెరిచినా గ్నోమ్‌లాగే ఉంటుంది. థీమ్‌లు మార్చితే తమ అప్లికేషన్లు విరిగిపోతున్నాయనీ, దయచేసి ముట్టుకోవద్దనీ 2019లోనే కొందరు రచయితలు బహిరంగ లేఖ రాశారు. వారి బాధ నిజం. తన పంపిణీకి తనదైన రంగు, తీరు ఉండాలనుకున్న లినక్స్ మింట్ బాధా నిజమే. 2024లో మింట్ 22 విడుదల చేస్తూ, కాలిక్యులేటర్, స్కానర్ వంటి కొన్ని అప్లికేషన్లను వారు జీటీకే 3 నాటి పాత కూర్పులకు వెనక్కి తీసుకెళ్లారు. ముందుకు వెళ్లలేక వెనక్కి నడిచిన పంపిణీని నేను తప్పుపట్టను. అమెరికాలోని డెన్వర్‌లో ఉన్న సిస్టం76 అనే కంపెనీ ఇంకో మార్గం పట్టింది. జీటీకేను వదిలి, రస్ట్ భాషలో ఐస్‌డ్ అనే టూల్‌కిట్ మీద కాస్మిక్ డెస్క్‌టాప్ కట్టుకుని 2025 డిసెంబరులో విడుదల చేసింది. ఇరుగుపొరుగు వెళ్లిపోతే పరీక్షించే కళ్లు, సరిదిద్దే చేతులు కూడా వారితోనే పోతాయి. చేతులు ముందే తక్కువైన జీటీకేకు ఇది చిన్న నష్టం కాదు.

గింప్ దగ్గరికి తిరిగి వద్దాం. పద్నాలుగేళ్ల ఆలస్యం బద్ధకం వల్ల రాలేదు. ఉన్న కొద్దిమంది మొదట ఇంటి పునాది మార్చారు. బొమ్మను లెక్కించే యంత్రాంగాన్ని గెగల్ అనే కొత్త ఇంజిన్ మీదకు తెచ్చి 2018లో 2.10 విడుదల చేశారు. ఆ తర్వాతే టూల్‌కిట్ వైపు తిరిగారు. వందలాది డైలాగులు, ఎవరెవరో ఎప్పుడో రాసిన ప్లగిన్లు, గ్రాఫిక్స్ పలకల మీద కలం ఒత్తిడిని అందుకునే భాగం, అన్నిటినీ మార్చాలి. దాని ఫలం వాడుకరికి దక్కింది. రెండో తరం టూల్‌కిట్ మీద చీమంత కనిపించిన చిహ్నాలు ఇప్పుడు సాంద్రత ఎక్కువున్న తెరల మీద సరైన కొలతలో ఉన్నాయి. వేల్యాండ్ మీద ఎక్స్‌వేల్యాండ్ వారధి లేకుండా నేరుగా నడవగలదు.

తెలుగు రాసేవారికి ఈ మార్పులో ఒక సూటి సంబంధం ఉంది. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి కీబోర్డు అమరికల్లో టైపు చేసేవారి మీటలు ఎక్స్11లో ఒక దారిన, వేల్యాండ్‌లో మరో దారిన అప్లికేషన్‌కు చేరతాయి. ఎక్స్11 మీద ఐబస్‌కు చెందిన మాడ్యూల్ అప్లికేషన్ లోపలే ఉండి మాట్లాడేది. వేల్యాండ్‌లో ఆ సంభాషణ కంపోజిటర్ (విండోలన్నిటినీ తెర మీద కూర్చే సాఫ్ట్‌వేర్) మీదుగా ఒక నిర్ణీత ఒడంబడిక ప్రకారం సాగుతుంది. 'క్ష్మి' టైపు చేస్తుండగా మధ్యలో కర్సర్ కదిపితే సగం కట్టిన అక్షరం ఏమవుతుంది, చెరిపే మీట ఎంత చెరుపుతుంది అన్నవి ఈ కొత్త దారిలో మళ్లీ పరీక్షించాల్సినవి. అక్షరం తప్పు పడిందని తెలుగు చదవలేని నిర్వాహకుడికి కనబడదు. ఏ కూర్పు, ఏ కీబోర్డు అమరిక, ఏ వరుసలో ఏ మీటలు నొక్కితే ఏమి వచ్చింది అన్న వివరాలతో లోపం నమోదు చేస్తే వారు సరిచేయగలరు. నమోదు కాని లోపం వారి లెక్కలో లేనట్టే.

జీటీకే 5 రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఎక్స్11 బ్యాకెండ్‌ను తుడిచేసే ముందు రెండు సంగతులు తేలాలని నా కోరిక. ఓర్కాతో పనిచేసేవారు పాత సెషన్‌లో చేయగలిగినవన్నీ కొత్తదానిలోనూ చేయగలుగుతున్నామని తామే చెప్పాలి. తెలుగు, కన్నడం, బర్మీస్, ఖ్మేర్ వంటి లిపులు రాసేవారు టైపు చేసి చూసి, సరేననాలి. 2016లో టొరంటో ప్రణాళికను మార్పించినంత గట్టిగా ఈ రెండూ అడగడానికి ఇప్పుడు సమయం ఉంది.